దొంగ ఊపిరి

మొసలి వీపు మీంచి దూకి ఏటి ఒడ్డున పడ్డ కురంగి, లేచి నిలబడదామని రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి ఆ ఆలోచన మానుకుంది. పడుకునే చుట్టూ చూసింది.

ఏడు అడవులు దాటింది. నాలుగు చోట్ల వేషం మార్చింది. ఒక రాక్షసి ఇంట్లో పదిరోజులు అంట్లు తోమింది. ఇంత చేసి చేరాల్సిన చోటికి చేరితే, ఎదురుగా ఇంకో లోయ.

మామూలు లోయ కూడా కాదు. కుడివైపు నీలాలు పోసి కట్టినట్టున్న కొండ, ఎడమవైపు పగడాలు పోసి కట్టినట్టున్న కొండ, ఆ రెంటి మధ్యా ఎవరో భూమిని నిలువునా చీరేసినట్టు ఒక అగాధం. అడుగు నుంచి పొంగుతున్న పాలలా మంచు పైకి లేస్తోంది. అవతలి అంచున మాంత్రికుడు మౌనభైరవుడి నల్లరాతి కోట. ఏనుగు దంతాల ద్వారం, ద్వారం మీద నోరు కుట్టేసిన సింహం బొమ్మ. ఆ ద్వారం ముందు వరసగా శిలలు. ఒక్కో శిలా ఒకప్పుడు ఒక గాయకుడు.

వరసలో చివరిది ఇంకా పూర్తిగా రాయి కాలేదు. మెడ దాకా రాయి. మెడ పైన కురంగి అక్క వకుళ.

ఆ మాంత్రికుడు నెల క్రితం శిష్యుడి వేషంలో వచ్చి, గురుదక్షిణ అంటూ ఒక శంఖం ఇచ్చి, వకుళ దాన్ని ఊదగానే ఆమె గొంతుని అందులోకి లాగేశాడు. ఆ రోజు నుంచి రాయి పాదాల దగ్గర మొదలై పైకి ఎక్కుతోంది. రేపు మిట్టమధ్యాహ్నానికి పెదవులు అందుతుంది. ఈలోపు ఆ శంఖాన్ని ఆమె పెదవులకి ఆనిస్తే గొంతు తిరిగొస్తుంది, పెదవులు రాయైతే ఇక దారే ఉండదు. ఈ సంగతి చెప్పింది రాక్షసే. పాపం మంచి మనిషే, గిన్నెలే మరీ పెద్దవి.

లోయ దాటడానికి ఒకటే దారి, పాటవంతెన. ముప్ఫైమూడు బండలు అగాధం అడుగున పడుంటాయి. పదహారు నిండని గొంతులు పదకొండు కలిసి పాడితే పైకి లేచి గాల్లో వరసకడతాయి. పాట ఆగితే పడిపోతాయి. అంతే. దీనికి బ్యాకప్ ప్లానేమీ లేదు.

ఆ పదకొండు గొంతులూ ఇవతలి అంచున వకుళ నడిపిన పాటబడిలో ఉన్నాయి. వాళ్ళకి ఇప్పుడు గురువు లేడు. త్రిశిఖర మహారాజు నలుగురు పండితుల్ని పంపాడు. నలుగురూ వచ్చారు, లోయలోకి తొంగిచూశారు, పారిపోయారు. నాలుగో ఆయన ఇందాకే కురంగి పక్క నుంచి పరిగెత్తుతూ, బరువెక్కువైందని తలపాగా, పట్టుశాలువా, రాజముద్ర ఉంగరం తుప్పల్లోకి విసిరేసి వెళ్ళాడు.

కురంగి లేచింది. తలపాగా చుట్టింది. మేక వెంట్రుకలకి తుమ్మజిగురు పూసి మీసం పెట్టుకుంది. అయిదో వేషం.

పాటబడి మెట్ల మీద ఒక పొడుగాటి అమ్మాయి కూచుని రేగుపళ్ళు తింటోంది. పేరు సిరిపాలి, పదిహేనేళ్ళు. కురంగిని చూడగానే వెనక్కి తిరిగి గోడ మీద బొగ్గుతో అయిదో గీత గీసింది.

"అయిదోవాడొచ్చాడ్రా," అని లోపలికి కేకేసింది.

"ఎన్నాళ్ళుంటాడంటావు?" అంటూ ఒక కుర్రాడు బయటికొచ్చాడు. దుందుభి. మాట మొదలెట్టేటప్పుడు మగగొంతు, ముగించేటప్పుడు పిల్లికూన గొంతు.

"చెప్పులు చూడు. వాటితో పరిగెత్తలేడు. రేపటిదాకా ఉండొచ్చు."

కురంగి గొంతు సవరించుకుంది. "మేము సకల సంగీత సాగర పారంగత..."

"గురువుగారూ, మీసం," అంది అందరికన్నా చిన్నది. తొమ్మిదేళ్ళుంటాయి. పేరు ముక్కెర.

"ఏమైంది మా మీసానికి?"

"నోట్లోకొస్తోందండీ."

అప్పటికి బయటికొచ్చిన పదకొండుమందీ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అలిసిపోయిన పెద్దవాళ్ళు చూసినట్టు చూశారు. ఆ చూపు కురంగికి బాగా తెలుసు. పొద్దున చెరువులో తన మొహంలో చూసుకున్నదే.

ఇంకో అబద్ధానికి ఓపిక లేక మీసం పీకి గోడకి అంటించింది. మెట్ల మీద సిరిపాలి పక్కన కూలబడింది.

"నేను పండితుణ్ణి కాదు. అసలు మగాణ్ణే కాదు. రేవులో పెద్ద పడవల మీద పాట పెట్టేదాన్ని. నలభైమంది ఒక్కసారి తెడ్డేయాలంటే ముందు కూచుని హైలెస్సా అనేది నేనే. వకుళ మా అక్క."

ఆ పేరు వినగానే రేగుపండు నములుతున్న సిరిపాలి నోరు ఆగింది.

"కురంగా?" అంది అనుమానంగా. "చెప్పిన పని చెయ్యదు, తిడితే నవ్వుతుంది, ఆ కురంగేనా?"

"అదే. అక్క నా గురించి అన్నీ మంచివే చెప్పినట్టుంది."

ఈసారి ఇద్దరు ముగ్గురు నవ్వారు. కురంగి సంచిలోంచి విరిగిన తెడ్డు ముక్క తీసింది. మూర పొడవు, చివర చదును. మిగతా సగం మొసలి నోట్లో ఉండిపోయింది, తనకి మిగిలింది ఇది.

"వినండి. టైము తక్కువ, నాకు ఓపిక అంతకన్నా తక్కువ. అందుకని నాలుగే మాటలు. ఒకటి, పాడుతున్నంతసేపూ మీ కళ్ళు నా చేతుల మీదే. రెండు, పక్కవాళ్ళ గొంతు మీకు వినపడట్లేదంటే మీరు అరుస్తున్నట్టు. మూడు, ఎవరు పిలిచినా, ఏం మీద పడినా పాట ఆగదు. ఆపమని నేనే గుండెలు బాదుకున్నా సరే. నాలుగు, తెడ్డు దించినప్పుడే ఊపిరి. అందరూ ఒక్కసారే. నలుగురు నాలుగు చోట్ల తీసుకుంటే పడవ తిరగబడుద్ది."

"మనకి పడవ లేదు కదక్కా," అంది ముక్కెర.

"లెక్క అదే. ఇప్పుడు మీరు చెప్పండి. నేనెలా ఉండాలి?"

పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఇంతకుముందు వచ్చిన నలుగురిలో ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదని కురంగికి ఆ చూపుల్లోనే తెలిసిపోయింది. తొందరపెట్టకుండా కూచుంది. నిజానికి కూచోవడమే ఆమెకి కావాల్సింది.

"నా గొంతు విరిగితే నవ్వకూడదు," అన్నాడు దుందుభి. ఆ మాట మధ్యలోనే విరిగింది. కురంగి నవ్వలేదు. చాలా కష్టపడింది.

"పేర్లతో పిలవాలి," అంది ముక్కెర. "పోయినాయన నన్ను చివరిదానా అనేవాడు."

"సరే ముక్కెరా. ఇంకా?"

సిరిపాలి రేగువిత్తనం దూరంగా ఉమ్మి, అటే చూస్తూ అంది. "వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళాలి. నలుగురూ చెప్పకుండా పోయారు. వకుళక్క కూడా చెప్పలేదు, పాపం ఆవిడకి గొంతే లేదనుకో." ఇంకో పండు తీసుకుంది. "పోతున్నా అనకూడదు. వెళ్ళొస్తా అనాలి."

"చెప్పే వెళ్తాను," అంది కురంగి.

ఆ మధ్యాహ్నమంతా ప్రాక్టీసు. గొంతులు బాగానే కలిశాయి. వకుళ చేతిలో పెరిగిన పిల్లలు మరి. ఒక్క ముక్కెరతోనే పేచీ. చరణం సగానికి రాగానే మెల్లిగా నోరు మూసి, గుక్కెడు గాలి మింగి, మళ్ళీ కలిసేది.

"ముక్కెరా! దొంగ ఊపిరి!"

"నాది చిన్న ఊపిరక్కా. అంతసేపు ఆగదు. పక్కనోళ్ళు పాడుతున్నప్పుడు తీసేసుకోమంది వకుళక్క."

"అక్కకి పడవలు తెలీవు. తెడ్డు దించినప్పుడే."

ముక్కెర తలూపింది. మళ్ళీ దొంగిలించింది. కురంగికి వాదించే సత్తువ లేక వదిలేసింది. ఆ బద్ధకమే మర్నాడు ఆమె ప్రాణం కాపాడబోతోందని అప్పుడు తెలీదు.

మర్నాడు మంచు విడగానే లోయ అంచున పదకొండుమందీ నెలవంకలా నిలబడ్డారు. అవతలి ఒడ్డున వకుళ గడ్డం కింద నల్లటి గీతలా రాయి కనిపిస్తోంది. కురంగి తెడ్డు ఎత్తింది.

పాట మొదలైంది. అగాధం అడుగున ఏదో పెద్ద జంతువు ఒళ్ళు విరుచుకున్నట్టు చప్పుడు. మంచు చీల్చుకుని మొదటి బండ లేచింది, తడిసి మెరుస్తూ, ఒంటినిండా పచ్చటి నాచుతో, పట్టపురాణి పల్లకీలా ఊగుతూ. దాని వెనక రెండోది. మూడోది. ముప్ఫైమూడూ మరకతాల హారంలా గాల్లో వేలాడాయి.

ఇక్కడే ఒక చిక్కుంది. చేతులు చూపిస్తూ పాట నడపాలంటే మొహం పిల్లల వైపే ఉండాలి. అంటే కురంగి వెనక్కి నడుస్తూ లోయ దాటాలి. అడుగు ఎక్కడ పడుతోందో ఆమెకి కనపడదు.

ఒకటి. రెండు. మూడు. మడమతో తడుముకుంటూ ఏడో బండ మీదికి చేరింది. చరణం ముగిసింది. అలవాటుగా తెడ్డు దించింది.

పదిమంది ఒక్కసారే ఊపిరి తీసుకున్నారు, ఎంతో క్రమశిక్షణగా.

నీళ్ళలో అయితే తెడ్లు పైకి లేచిన ఆ క్షణంలో కూడా పడవ తేలుతూనే ఉంటుంది. గాలికి ఆ మర్యాద లేదు. ముప్ఫైరెండు బండలు ఒక్కసారి కిందికి జారాయి. కురంగి కాళ్ళ కిందది మాత్రం పక్కకి ఒరిగి, ఆమెని పొట్ట మీద పడేసి, అక్కడే వణుకుతూ ఆగింది. ఎందుకంటే ముందే గాలి దొంగిలించేసిన ముక్కెర ఇంకా పాడుతోంది. పీలగా, ఒంటరిగా, కళ్ళింతలు చేసుకుని.

"మూడోమాట!" అని సిరిపాలి అరిచింది. అరుస్తూనే పాటలోకి దూకింది. మిగతావాళ్ళు అందుకున్నారు. బండలు ఎగిరొచ్చాయి. కురంగి నాలుగు కాళ్ళ మీద పాక్కుంటూ, మర్యాద సంగతి తర్వాత చూసుకోవచ్చనుకుంటూ ఇవతలికొచ్చి పడింది.

పిల్లలందరూ ఆమె చెప్పుల వైపు చూస్తున్నారు, ఇక పరిగెత్తుతుందేమోనని.

"తప్పు నాది," అంది కురంగి నేలకి అతుక్కునే. "మీరు నేను చెప్పినట్టే చేశారు. చెప్పిందే తప్పు. నాలుగోమాట కొట్టేస్తున్నా."

"ఎంత చదువుకుందో అనుకున్నాం," అన్నాడు దుందుభి సన్నగా.

"నువ్వు మాట్లాడకురా, నీ గొంతు చూసి నేను నవ్వట్లేదు కదా." లేచి కూచుంది. "ముక్కెరా, ఇటు రామ్మా. దొంగతనం ఎలా చెయ్యాలో మాకందరికీ నేర్పు."

ముక్కెర ఎర్రబడి, గౌను కొస నలుపుతూ ముందుకొచ్చింది. "ఏం లేదక్కా. పక్కనోళ్ళ భుజం చూడాలి. వాళ్ళది లేస్తుంటే మనం తీసుకోకూడదు. మాట చివర తీసుకోకూడదు, అక్కడే అందరికీ ఆశగా ఉంటుంది. మాట నడుమ తీసుకోవాలి. వెళ్ళేటప్పుడు మెల్లిగా వెళ్ళాలి, వచ్చేటప్పుడు ఇంకా మెల్లిగా రావాలి. మనం లేమని ఎవరికీ తెలీకూడదు."

"ఒకళ్ళు ఆగినప్పుడు పదిమంది మోస్తారన్నమాట," అంది సిరిపాలి.

"ఆఁ. తర్వాత మనం మోస్తాం."

గంటసేపు పాడారు. మొదట పాట చిల్లుల జల్లెడలా ఉంది. తర్వాత చిల్లులు పూడాయి. చివరికి ఎవరు ఎప్పుడు ఊపిరి తీసుకుంటున్నారో కురంగికే తెలీలేదు. ఎండ నడినెత్తికి దగ్గరపడుతోంది. అవతల వకుళ గడ్డం రాయైపోయింది.

కురంగి మళ్ళీ వెనక్కి నడవడం మొదలెట్టింది.

ఏడో బండ దాటింది. పన్నెండు దాటింది. పదిహేనో బండ దగ్గర కోటబురుజుల మీంచి రాగిముక్కు గద్దలు లేచాయి, ఆకాశంలో ఎవరో బిందెలు విసిరినట్టు. ఒకటి కురంగి తలపాగా ఎత్తుకుపోయింది. ఇంకొకటి పిల్లల మీదికి దూసుకెళ్ళి దుందుభి జుట్టు పట్టి లాగింది. దుందుభి గొంతు విరిగింది, అతుక్కుంది, ఇంకోచోట విరిగింది. కానీ వాడి కళ్ళు ఆమె చేతుల మీంచి పక్కకి పోలేదు. పాట నుంచి లేచిన గాలి తాకి గద్దలు రెక్కలు ముడుచుకుని లోయలోకి రాలిపోయాయి.

ఇరవయ్యో బండ అవతల, విడిపోయిన మంచు అడుగు నుంచి మళ్ళీ పొంగింది.

ఇంకొక్క అడుగేస్తే పిల్లలకి ఆమె చేతులు కనపడవు. మొదటిమాట అక్కడితో సరి. కురంగి ఆగింది. చేతులు నొప్పి, కాళ్ళు నొప్పి, ఎక్కడ నొప్పి లేదో వెతుక్కోవాల్సిన పరిస్థితి. అంత దూరంలో పదకొండు మొహాలు గోరంత కనిపిస్తున్నాయి.

తెడ్డు చంకలో పెట్టుకుంది. చెయ్యి ఎత్తి ఊపి, మళ్ళీ గుండెల మీద పెట్టుకుని, వేలితో వాళ్ళ వైపు చూపించింది. వెళ్ళొస్తా.

సిరిపాలి తల ఒక్కసారి కిందికి వంగి లేచింది.

కురంగి వాళ్ళకి వీపు తిప్పి మంచులోకి నడిచింది.

ఇరవయ్యొకటి. ఇరవైరెండు. తెల్లటి చీకటి. వెనక పాట ఒక్కటే దారి. ఇరవయ్యారో బండ మీద ఉండగా ఎదురుగా, మంచు అవతల నుంచి ఒక గొంతు వచ్చింది. తేనెలో నానిన గొంతు. నెలరోజులుగా వినాలని చచ్చిపోతున్న గొంతు.

"చాలమ్మా సిరిపాలీ," అంటోంది వకుళ గొంతు. "అలిసిపోయారు. ఎంత పాడారో కదా. ఇక కూచోండి నా బంగారాలూ. ముక్కెరా, నీ చిన్ని ఊపిరి చాలదమ్మా, ఆపెయ్యి. మీ కురంగక్క ఇవతలికి చేరిపోయింది, నా పక్కనే ఉంది. పడుకోండి, పడుకోండి..."

కురంగికే కూచుండిపోవాలనిపించింది. ఎన్ని రోజులైంది ఎవరైనా ఆ మాట అని! ఏడు అడవుల్లో ఒక్కరన్నా కూచో అన్నారా? కాళ్ళ కింద బండ జానెడు కిందికి దిగింది. వెనక పాట పలచబడుతోంది. ఒక గొంతు తగ్గింది. ఇంకొకటి తగ్గింది.

ఆ తియ్యటి గొంతు పలుకుతూనే ఉంది. పలుకుతూనే ఉంది. ఎక్కడా తెంపు లేకుండా, జారుతూ, అల్లుకుంటూ...

కురంగి చటుక్కున తలెత్తింది.

నిన్నటి నుంచీ ఆమె విన్నది గొంతుల్ని కాదు, గొంతుల మధ్య గాలిని. ఆ చెవులకి ఇప్పుడు తేడా తెలిసింది. ఆ గొంతు ఒక్కసారి కూడా ఊపిరి తీసుకోలేదు. వకుళ అంత పెద్ద గాయని, ఆవిడకీ ఊపిరి కావాలి. మాట్లాడుతున్నది వకుళ కాదు, శంఖం.

తనకి తెలిసింది సరే. పిల్లలకి? వెనక్కి అరిచి చెప్పడానికి చాలా దూరం. బండ ఇంకో జానెడు దిగింది. కురంగి కళ్ళు మూసుకుంది.

అప్పుడు వెనక నుంచి ఒక పీలగొంతు లేచింది. దాని పక్కన సిరిపాలిది. తర్వాత విరిగిన దుందుభిది. తగ్గిన గొంతులు ఒక్కొక్కటే, వెళ్ళినదానికన్నా మెల్లిగా, తిరిగొచ్చి చేరాయి. శంఖం ఎంత తియ్యగా బతిమాలితే పాట అంత గట్టిపడింది. ఊపిరి దొంగతనం నేర్పిందే ముక్కెర, ఊపిరి లేని గొంతుని ఆ పిల్ల పోల్చుకోదా?

బండ పైకి లేచింది. కురంగి పరిగెత్తింది. ఇరవయ్యేడు, ఇరవయ్యెనిమిది, ముప్ఫై, ముప్ఫైరెండు. చెప్పు ఒకటి లోయలో పడింది. ముప్ఫైమూడో బండ మీంచి ఒకే గెంతు, మంచు చీల్చుకుని అవతలి ఒడ్డు మీద.

మౌనభైరవుడు సరిగ్గా ఎదురుగా ఉన్నాడు. బూడిద గడ్డం, పులిగోళ్ళ దండ, పెదవుల దగ్గర శంఖం. పిల్లల్ని ఊరించడంలో ఎంత మునిగిపోయాడంటే, మంచులోంచి ఒక ఒంటిచెప్పు ఆడది ఊడిపడుతుందని అనుకోలేదు. అతని వెనక వకుళ. కింది పెదవి అంచున నల్లటి గీత. కళ్ళు మాత్రం బతికే ఉన్నాయి. చెల్లెల్ని చూసి, ఆ కళ్ళు విసుగ్గా, ప్రేమగా, ఇంత ఆలస్యమా అన్నాయి.

ఇన్నాళ్ళూ పాట పెట్టడానికే ఎత్తిన తెడ్డుని కురంగి ఈసారి ఇంకో పనికి ఎత్తింది. మణికట్టు మీద కొట్టిన దెబ్బకి మాంత్రికుడి పట్టు వదిలింది. శంఖం గాల్లోకి ఎగిరింది, ఎండలో ఒకసారి మెరిసింది, ఒడ్డు దాటి...

టక్కుమని ముప్ఫైమూడో బండ మీద పడి, దొర్లి, అంచున ఆగింది.

మాంత్రికుడు కురంగికీ బండకీ మధ్య నిలబడి కత్తి దూశాడు. వకుళ గొంతు గాల్లో వేలాడుతున్న రాయి మీద ఉంది. ఆ రాయి, ఇక్కడ ఏం జరుగుతోందో కనపడని పదకొండుమంది పాట మీద ఉంది. వాళ్ళు పొద్దుటి నుంచి పాడుతున్నారు.

మంచు అవతల, పాట నడుమ, ఎవరో చిన్నగా ఊపిరి తీసుకున్నారు.

బండ కదల్లేదు.